లాభం, రెండు, మూడు, నాలుగు

అన్నం తినే వేళల్లో మా బాపమ్మ నా ఎడమ చేతిని ఒక ఎర్ర రిబ్బనుతో నా నడుముకు కట్టేసేది. నాకప్పుడు నాలుగేళ్లు. గట్టిగా కట్టేది కాదు. లాగితే ఊడివచ్చేంత వదులుగానే ముడి వేసేది. కాని లాగిన రోజున నా పెరుగులో చక్కెర పడేది కాదు.

మా ఇళ్లల్లో తండ్రిని బాపు అనీ, ఆయన తల్లిని బాపమ్మ అనీ పిలుస్తాం. మహారాష్ట్రలోని నాందేడ్ పాత బజారులో మాకు పూజాసామాను దుకాణం ఉండేది. పసుపు, కుంకుమ, కర్పూరం, వత్తులు, అద్దం బిగించిన దేవుళ్ల పటాలు. పొద్దున పూట గద్దె మీద కూర్చునేది బాపమ్మే. కుంకుమ పొట్లాన్ని ఎడమ చేత్తో అందిస్తే, కొనడానికి వచ్చిన ఇల్లాలు దాన్ని ముట్టుకోకుండానే మెట్లు దిగి పోతుంది. అలాంటి ఇంట్లో పుర్రచేతివాటం పిల్ల పుట్టింది. బాపమ్మ దాన్ని దోషం అనుకోలేదు, అలవాటు అనుకుంది. అలవాటును మాన్పించవచ్చు కనుక మాన్పించింది. బడిలో చేరేనాటికి నేను కుడి చేత్తో తింటున్నాను, కుడి చేత్తో రాస్తున్నాను. అయినా ఎవరైనా బంతి విసిరితే ముందుగా లేచేది ఎడమ చెయ్యే. అది చూసి మరాఠీ పిల్లలు నన్ను ‘డావఖురీ’ అనేవాళ్లు, పుర్రచేతిది అని.

కాలేజీలో చేరాక వాదవివాద పోటీలలో పడ్డాను. మమ్మల్ని తయారుచేసిన అధ్యాపకురాలికి ఒకటే నియమం: కారణం అడగకుండా ఏ మాటనూ ఒప్పుకోవద్దు, కారణం చూపకుండా ఏ మాటనూ అనవద్దు. ఆ నియమాన్ని నేను వేదిక దిగాక కూడా పాటించాను. అందువల్ల మా ఇంట్లో వాళ్లు పడిన శ్రమ తక్కువది కాదు. ఒకరోజు బాపమ్మను నేరుగానే అడిగాను.

“ఎడమ చెయ్యి తక్కువది ఎట్లయింది బాపమ్మా?”

“కుడిది ఎక్కువది గద, అందుకే.”

“అది కారణం కాదు. అదే మాట తిప్పి చెప్తున్నవ్.”

“తిప్పకుంటే పుల్క మాడుతది,” అని పెనం మీది పుల్కాను తిప్పింది.

బి.ఏ. రెండో సంవత్సరంలో బాపు నన్ను టైపింగ్ క్లాసులో చేర్పించాడు. తొంభైల చివరి రోజులవి. కంప్యూటర్లు వచ్చేస్తున్నాయని అందరూ అంటున్నా, ఆఫీసు నౌకరీకి మరాఠీ, ఇంగ్లీషు టైపింగ్ సర్టిఫికెట్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు. మా ఊళ్లోనే వజీరాబాద్ పేటలో ఒక స్టేషనరీ దుకాణం పైన రేకుల గదిలో ఇరవై మెషిన్లు ఒక్కసారిగా మోగేవి. దాన్ని నడిపే సర్ దెగ్లూర్ వైపు మనిషి. శనివారం సాయంత్రం బస్సులో ఊరికి పోయి, సోమవారం పొద్దున అదే బస్సులో తిరిగివచ్చేవారు. మాతో తెలుగులో మాట్లాడుతూనే మధ్యలో తెలియకుండా మరాఠీలోకి జారేవారు. నడుము నిటారుగా ఉండాలి, మణికట్టు బల్లకు తాకకూడదు, ఏ అక్షరానికి ఏ వేలో ఆ వేలే పోవాలి. వాటిలో దేనికీ ఆయన దగ్గర రాయితీ ఉండేది కాదు.

గది మూలలో, పాత పరదా గుడ్డతో కుట్టిన సంచిలో, ఒక గిటార్ ఉండేది. ఆయన ఒకప్పుడు పెళ్లిళ్లలో, గణపతి ఉత్సవాల్లో వాయించే ఆర్కెస్ట్రాలో ఉండేవారట.

“మరి ఎందుకు విడిచిపెట్టిండ్రు సర్?”

“పెండ్లయింది బేటా.”

నేర్పమని అడిగాను. ఆయన నా మొహం వైపు చూడలేదు, నా గోళ్ల వైపు చూశారు. “ఎడమ చెయ్యి గోర్లు కత్తిరించుకొని రేపు ఐదింటికి రా,” అన్నారు.

ఏ పాటతో మొదలవుతుందోనని రాత్రంతా ఊహించుకున్నాను. స్టూలుతో మొదలైంది.

“చేతుల కుర్చీ వద్దు. గా స్టూలు గుంజుకో. ముందటి అంచుకు కూసో. గోడకు ఆనకు.”

“ఎందుకు సర్?”

“ఆనితే నిద్రొస్తది.”

నా ఎడమ పాదం కింద రెండు పాత టెలిఫోన్ డైరెక్టరీలు పెట్టారు. ఎడమ తొడ కొంచెం ఎత్తయింది. గిటార్ నడుము వంపును ఆ తొడ మీద ఆనించి, దాని వీపును నా కడుపుకు తాకించి, మెడ నా భుజం ఎత్తుకు వచ్చేలా ఏటవాలుగా నిలిపారు. కుడి ముంజేతిని దాని అంచు మీద ఊరికే వాల్చమన్నారు. తరువాత రెండు చేతులూ తీసెయ్యమన్నారు. భయపడుతూ తీశాను. గిటార్ పడలేదు.

“చూసినవా? మోసే పని చేతులది కాదు, ఒంటిది. చేతులకు వేరే పని ఉన్నది.”

ఎడమ బొటనవేలు మెడ వెనక, నడిమి వేలికి ఎదురుగా ఉండాలి. గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకోవాలి, పిసకకూడదు. మణికట్టు మడత పడకూడదు. మడిస్తే వంగిన పైపులో నీళ్లు ఆగినట్టే వేళ్లలో సత్తువ ఆగిపోతుందని ఆయన మాట. వేలి కొనను మెడ మీది లోహపు మెట్టు మీద కాదు, మెట్టుకు కొద్దిగా ఇవతల నొక్కాలి. తలవంచి వేళ్లను చూస్తూ కూర్చోకూడదు. భుజాలు చెవుల దాకా లేవకూడదు. నా భుజాలు లేచాయి. ఆయన టైపింగ్ స్కేలు తెచ్చి ఒకసారి ఎడమ భుజం మీద, ఒకసారి కుడి భుజం మీద ఊరికే ఆనించారు. దిగిపోయాయి.

అప్పుడు నా అసలు ప్రశ్న అడిగాను.

“సర్, నేను పుర్రచేతిదాన్ని. తిప్పి పట్టుకోవాల్నా?”

“రాసుడు ఏ చేత్తో?”

“కుడి చేత్తో.”

“ఎవరు మార్చిండ్రు?”

“మా బాపమ్మ.”

“అయితే తిప్పకు. ఇక్కడ కష్టమంత ఎడమ చేతిదే. నీ చెయ్యి ఇన్నేండ్లు ఖాళీగ కూసున్నది. జర పనిద్దాం.”

“మరి కుడిచేతివాటం వాళ్లకు గూడ కష్టమంత ఎడమ చేతికే ఎందుకిచ్చిండ్రు?”

“తెల్వదు బేటా. నాకన్న ముందే ఎవరో గట్ల పెట్టిండ్రు.”

రెండేళ్లుగా వేదికల మీద ఎందరితోనో వాదించాను. ‘తెల్వదు’ అనే మాటను తల దించకుండా అన్న మనిషి నాకు ఎదురుపడటం అదే మొదటిసారి. ఆయన చెప్పినవాటిలో కారణం లేనివి కూడా ఆ రోజు నుంచి ఒప్పుకోవడం మొదలుపెట్టాను.

అభ్యాసం చాలా చిన్నది. చూపుడు వేలు మొదటి మెట్టుకు, నడిమి వేలు రెండో దానికి, ఉంగరపు వేలు మూడో దానికి, చిటికెన వేలు నాలుగో దానికి. ఒక తీగె మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు. తరువాత కింది తీగె మీద మళ్లీ అదే. ఆరు తీగెలూ దిగాక మళ్లీ పైకి. పక్కన అలారం గడియారం. రెండు టిక్కులకు ఒక వేలు. నొక్కిన వేలును అవసరం తీరేదాకా లేపకూడదు. లేపినా బియ్యపు గింజ మందం కంటే ఎత్తు పోకూడదు. నా చిటికెన వేలు మాత్రం ప్రతిసారీ పిట్టలా ఎగిరిపోయేది.

“సావకాశ్, సావకాశ్. నాలుగోది ఎగురుతున్నది. వేలి కొన మండితే మండనియ్యి, కొన్ని దినాలకు గట్టిపడ్తది. మణికట్టు నొస్తే మాత్రం ఆపెయ్యి, చెయ్యి ఇదిలించు, మళ్ల కూసో.”

మూడు నెలలు పాట ఉండదన్నారు. నేను ఊరుకోలేదు. పాట మీది ఇష్టమే శ్రమకు మూలమనీ, ఇష్టాన్ని ఎండగట్టి శ్రమను మాత్రం పెంచడం బోధనాపద్ధతి కాదనీ క్రమంగా, ఉదాహరణలతో సహా చెప్పాను. ఆయన చివరిదాకా విని, గడియారాన్ని నావైపు తిప్పారు.

“తొమ్మిది నిమిషాలు మాట్లాడినవ్. మంచిగ మాట్లాడినవ్. గా తొమ్మిది నిమిషాలల్ల నీ వేళ్లు ఆరు తీగెలు దిగి ఎక్కుతుండె.”

గిటార్‌ను ఇంటికి తీసుకెళ్లనిచ్చారు. అక్కడ నేను పెద్ద పొరపాటే చేశాను. మా ఇంట్లో అన్ని పనులూ నేల మీదే జరుగుతాయి. దుకాణంలో గద్దె మీద, వంటింట్లో పీట మీద, ఎక్కడైనా బాసింపట్టు వేసుకునే కూర్చుంటాం. నేనూ అలాగే కూర్చుని గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టుకుని, దాని మీదికి వంగి పదిహేను రోజులు సాధన చేశాను. మణికట్టు లోపల ఒక సన్నని నొప్పి మొదలైంది. సర్ నా వీపు చూడగానే కనిపెట్టారు.

“ఇంట్ల కింద కూసుంటున్నవ్ గదా?”

“మేమంత కిందనే కూసుంటం సర్.”

“మీరు కూసుంటరు. గిటార్ కూసోదు.”

వారం పాటు ముట్టుకోవద్దన్నారు. ఆ తరువాత డైరెక్టరీలు కూడా నాతో పంపించారు.

ఇంట్లో నా సాధనకు ప్రేక్షకురాలు బాపమ్మ ఒక్కతే. దుకాణం నుంచి మధ్యాహ్నం ఇంటికి వచ్చి, గోడకు ఆనుకుని వత్తులు చేసుకుంటూ వినేది.

“ఏందే, పాట లేదు గీట లేదు, పొద్దుమాపు బల్లి కొట్టుకున్నట్లు టక్కు టక్కు. మీ సార్‌కు పాట అస్తదా, రాదా?”

“అస్తది. మూడు నెలలైనంక చెప్తడు.”

“మూడు నెలలల్ల బల్లి గూడ పాట నేర్చుకుంటది. అయినా ఎడమ చేత్తో సరస్వతిని ముట్టుకుంటున్నవ్, బుద్ధున్నదా?”

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను. దుకాణంలో అమ్మే సరస్వతి పటం ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

“చూడు. వీణ మెట్ల మీద ఏ చెయ్యి ఉన్నది?”

బాపమ్మ పటాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. ఎడమ చెయ్యే. ఈసారి వాదం నాదేననుకున్నాను.

“ఆమెకు నాలుగు చేతులున్నయే,” అంది పటం తిరిగి ఇస్తూ. “నీకు రెండే. జర చూసుకొని వాడుకో.”

శ్రావణంలో ఒక సోమవారం. దుకాణంలో ఆడవాళ్ల రద్దీ. బాపమ్మ అందిస్తున్న కుంకుమ పొట్లం ఆమె చేతిలోనుంచి జారి, తెల్లటి గద్దె మీద పగిలింది. కుంకుమను ఎత్తబోయింది, చెయ్యి కదలలేదు. బాపు తరువాత చెప్పాడు: ఆమె మొదట భయపడలేదట, చేతిని తిట్టిందట. “ఏమైందే నీకు, అందరి ముంగట?” అని.

పక్షవాతం అన్నారు. పది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలుగుతోంది. మాట కాస్త మందగించినా అర్థమవుతోంది. కుడి చెయ్యి మాత్రం, ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా, ఆమె ఒళ్లో పడి ఉండేది. వేళ్లు కొద్దికొద్దిగా కదులుతున్నాయి కనుక రోజూ ఒక రబ్బరు బంతిని పిసకమని డాక్టరు చెప్పారు. “నేనేమన్న చిన్నపోరినా?” అని ఎడమ చేత్తో దాన్ని మంచం కిందికి దొర్లించింది.

అసలు కష్టం అన్నం దగ్గర వచ్చింది. అమ్మ కలిపి నోట్లో పెట్టేది. బాపమ్మ మూడు ముద్దలు తిని “సాలు” అనేది. నాలుగో ముద్దకు నోరు తెరిచేది కాదు. ఏ పూటైనా అంతే. బియ్యం మార్చి చూశాం, కూర మార్చి చూశాం. నెల తిరిగేసరికి చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. డాక్టరు ఈసారి బాపుతో కాస్త కటువుగానే చెప్పారు: చేతి కన్నా ఈ నీరసమే ప్రమాదం, దసరా దాకా చూద్దాం, అప్పటికీ తినకపోతే మళ్లీ చేర్చుకుని ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుంది.

ఒక మధ్యాహ్నం అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు అడిగాను.

“ఆకలైతలేదా బాపమ్మా?”

“అయితది.”

“మరి?”

ఆమె గోడవైపు చూస్తూ చెప్పింది. “నోరు తెరిచి కూసోవాలంటే సిగ్గైతది బిడ్డా.”

నాకు దారి స్పష్టంగా కనిపించింది. ఎడమ చెయ్యి బాగానే ఉంది, దానితో తినవచ్చు. ఆ రాత్రి పోటీకి సిద్ధమైనట్టే సిద్ధమయ్యాను. మరునాడు ఆమె ముందు కూర్చుని మొదలుపెట్టాను. శరీరంలో ఏ అవయవమూ పుట్టుకతో అపవిత్రం కాదు, అపవిత్రత మనం అంటగట్టిందే. ఏ ఆచారమైనా మనిషిని బతికించడానికి పుట్టింది కాని పస్తు పెట్టడానికి కాదు. ఇక నా సంగతే చూడు; రిబ్బను కట్టి మాన్పించిన చెయ్యే ఇవాళ గిటార్ మీద నిలబడుతోంది.

“అయిపోయిందా?” అంది బాపమ్మ. “నీళ్లు తాగు, గొంతెండింది.”

తాగాను.

“ఎడమ చేత్తో తినుడు కన్న గొట్టమే నయ్యం,” అంది మెల్లగా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని. కోపం లేకుండానే అడిగింది: “రిబ్బను బదులు తీర్చుకుంటున్నవా బిడ్డా?”

లేదన్నాను. కాని టైపింగ్ క్లాసుకు వెళ్లే దారిపొడవునా నా వాదాన్ని మళ్లీ మనసులో చదువుకున్నాను. ఆ మూడో అంశాన్ని నేను ఎవరి కోసం చేర్చాను? ఆమె ఆకలికీ నా రిబ్బనుకూ ఏ సంబంధమూ లేదు. అవతలి పక్షంలో ఎవరైనా అలా చేసివుంటే, విషయాంతరమని అక్కడే లేచి అడ్డుకునేదాన్ని.

సర్‌కు అంతా చెప్పాను. మెషిన్లకు గుడ్డలు కప్పుతూ విన్నారు.

“నువ్వు చెప్పింది తప్పు కాదు. గని నువ్వు గెలవాల్నా, ఆమె తినాల్నా?”

“రెండూ జరిగితే సర్?”

“జరగయ్ బేటా.” చివరి మెషిన్ మీద గుడ్డ సరిచేశారు. “ఎట్ల కూసుంటది ఆమె?”

“మంచం మీద. గోడకు ఆనుకొని.”

“చెయ్యి?”

“ఒళ్లెకు వేలాడుతుంటది.”

“మొదటి దినం నీతో తీగె ముట్టించిన్నా నేను?”

అన్నం కంటే ముందు ఆ వేళ్లకు వేరే పని చెప్పమంటున్నారని అర్థమైంది. డాక్టరును అడిగితే, నొప్పి లేనంతవరకు, అలసట రానంతవరకు వేళ్లకు ఏ పని చెప్పినా మంచిదేనన్నారు.

ఇక మిగిలింది బాపమ్మను నా సాధనలోకి రప్పించడం. సాధనకు పెట్టుకునే గడియారం చెడిపోయింది, నువ్వే లెక్కపెట్టు అని అబద్ధం చెప్తే పని సులువయ్యేది. కాని అబద్ధంతో గెలిచిన వాదం వాదం కాదు. అందుకని ఉన్నదే చెప్పాను.

“బాపమ్మా, నా నాలుగో వేలు ఎగురుతున్నది. గడియారం టిక్కుమంటది గని తప్పు పట్టదు. నువ్వు లెక్క చెప్తూ చూస్తవా?”

తప్పు పట్టే పని అనేసరికి ఆమె కళ్లలో కాస్త వెలుగు వచ్చింది. “దానిదేమున్నది, పట్టు.”

నేను స్టూలు మీద కూర్చుని పాదం డైరెక్టరీల మీద పెట్టాను. బాపమ్మ గొంతు సవరించుకుంది.

“లాభం... రెండు... మూడు... నాలుగు.”

నవ్వు ఆపుకోలేకపోయాను. దుకాణంలో పసుపు కొలిచినా, ఇంట్లో బియ్యం కొలిచినా మొదటి కొలతను మావాళ్లు ‘ఒకటి’ అనరు, ‘లాభం’ అంటారు. పక్క దుకాణాల మరాఠీ వాళ్లదీ అదే పద్ధతి. యాభై ఏళ్లు అలాగే కొలిచిన నోటికి నా చూపుడు వేలు కూడా లాభమే అయింది.

“ఏందే, ఎందుకు నవ్వుతున్నవ్? నాలుగోది ఎగిరింది. మళ్ల లాభం కాడికెల్లి రా.”

రోజూ సాయంత్రం ఇదే సాగింది. గడియారం కంటే ఆమె లెక్క నిదానం, గడియారం కంటే కఠినం కూడా. “జర ఆగు, మూడోది ఇంక దిగలే. నాలుగోది ఏం పిల్లనే, అచ్చం నీ లెక్కనే, ఒక్క తాన నిలవది.” ముద్దముద్దగా వచ్చే మాట లెక్క దగ్గరికి వచ్చేసరికి స్పష్టంగా పలికేది. పదిరోజులకు ఒక సాయంత్రం, ఆమె ‘రెండు’ అన్నప్పుడు, ఒళ్లోని కుడి చేతి నడిమి వేలు కొద్దిగా లేచి పడింది. నేను చూశాను. నేను చూశానని ఆమె చూసింది.

“నన్నేం చూస్తున్నవ్? వాయించు.”

మరునాడు ఆమెను మంచం మీదినుంచి దింపి నా పక్కన ఇంకో స్టూలు మీద కూర్చోబెట్టాం. గోడ లేదు. రెండు పాదాలూ నేలకు ఆనాయి. చచ్చుబడిన కుడి భుజం కిందికి లాగుతుంటే అమ్మ ఒక తలగడ తెచ్చి మోచేతి కింద పెట్టింది. మోసే పని ఒంటిది అని సర్ అన్న మాట చెప్పాను. “గంత తెలివి ఉన్నోడు పాట ఎందుకు చెప్తలేడో,” అంది బాపమ్మ. కాని మొదటిసారిగా ఆ చెయ్యి వేలాడలేదు. తలగడ మీద నాలుగు వేళ్లూ పరుచుకుని కూర్చుంది. నా ఎడమ చెయ్యి తీగెల మీద, ఆమె కుడి చెయ్యి తలగడ మీద, ఒకే లెక్కకు నడిచేవి. నాది ఎగిరితే ఆమె తిట్టేది. ఆమెది లేవకపోతే నేను మాట్లాడకుండా మళ్లీ మొదటినుంచి వాయించేదాన్ని.

తరువాత తలగడ మీద విసుగొచ్చి, తీగెనే మీటుతానంది. గిటార్ నా తొడ మీదే ఉంచి, నా కుడి చెయ్యి తీసేసి, ఆ చోట ఆమె చెయ్యి పెట్టాను. నేను మెట్టు నొక్కేదాన్ని, ఆమె బొటనవేలితో తీగెను లాగేది. మొదట చప్పుడే రాలేదు. ఆ తరువాత పెళుసుగా ఒక స్వరం వచ్చింది. దుకాణం నుంచి అప్పుడే వచ్చిన బాపు గుమ్మంలో నిలబడి చూశాడు.

“ఒక్క మనిషి చేసే పనికి ఇద్దరు కూసున్నరు. దుకాణంల గిట్ల చేస్తే దివాలే.”

“నువ్వు కాళ్లు కడుక్కోపో,” అంది బాపమ్మ, ఇంకో తీగె లాగుతూ.

అయితే అన్నం మాత్రం ఇంకా ఆ మూడు ముద్దల దగ్గరే ఉంది. దసరా ఇక ఆరు రోజులుంది. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన బట్టలను అమ్మ ఒక సంచిలో సర్ది, బాపమ్మకు కనబడకుండా బీరువా వెనక పెట్టింది. బాపమ్మకు ఇంట్లో కనబడనిది ఏదీ ఉండదు.

ఆ మధ్యాహ్నం అమ్మ పళ్లెం తేగానే బాపమ్మ అంది: “ఇటు పెట్టు. అందరు బయటికి పోండ్రి.”

అమ్మ నావైపు చూసింది. నేనూ లేచాను.

“నువ్వుండవే. లెక్క చెప్పెటోళ్లు కావాలె.”

స్టూలు మీద నిటారుగా కూర్చుంది. ముందున్న బల్ల మీద పళ్లెం. అన్నం, పప్పు అమ్మ కలిపే ఉంచింది, పక్కన గిన్నెలో ఇంకాస్త పప్పు. కుడి చెయ్యి పళ్లెం అంచు దాకా పాకింది. వేళ్లు అన్నంలో దిగాయి. నడిమి వేలు, ఉంగరపు వేలు, బొటనవేలు దగ్గరికి వచ్చాయి. చూపుడు వేలు మాత్రం బిగుసుకుని బయటే నిలబడింది.

“లాభమే అస్తలేదు చూడు,” అంది.

“సావకాశ్,” అన్నాను.

చిన్న ముద్ద తయారైంది. చెయ్యి లేచింది. ఛాతీ దాకా వచ్చి, వణికి, ఆగిపోయింది. మెతుకులు చీర మీద పడ్డాయి. రెండోసారి కూడా అక్కడే ఆగింది. మూడోసారి ముద్ద కలుపుతున్నప్పుడు ఆమె నుదుటి మీద చెమట పట్టింది. తలుపు అవతల అమ్మ నీడ కదలకుండా నిలబడి ఉంది. నా నాలుక చివర మొత్తం వాదం సిద్ధంగా ఉంది. ఎడమ చెయ్యి అక్కడే, పళ్లేనికి జానెడు దూరంలో, ఖాళీగా ఉంది. ఒక్క మాట చాలు. పళ్లు బిగించుకున్నాను.

కుడి చెయ్యి మళ్లీ ఛాతీ దాకా వచ్చి ఆగింది. అప్పుడు ఎడమ చెయ్యి కదిలింది. అన్నం వైపు వెళ్లలేదు. గుళ్లో తీర్థం పట్టేటప్పుడు కుడి అరచేతి కింద ఎడమ చెయ్యి ఎలా చేరుతుందో, అలాగే వెళ్లి కుడి మణికట్టు కింద చేరింది. మెల్లగా ఎత్తింది. ముద్ద నోటి దాకా వెళ్లింది.

బాపమ్మ నిదానంగా నమిలింది. మింగింది. తరువాత నావైపు తిరిగింది, నేనేదో అనబోతున్నట్టు.

“ఎడమ చేత్తో తిన్లే. కింద పట్టిన, గంతే. తీర్థానికి పడ్తలేమా?”

దానికి చెప్పదగిన సమాధానం నా దగ్గర ఉంది. నిజానికి రెండు ఉన్నాయి.

“లాభం,” అన్నాను.

ఆమె మళ్లీ పళ్లెంలో చెయ్యి పెట్టింది. కుడి చెయ్యి కలిపింది, ఎడమ చెయ్యి కింద చేరి ఎత్తింది. రెండు, అన్నాను. ఇంకో ముద్ద. మూడు, అన్నాను. అక్కడ ఆమె ఆగింది. ఎడమ చేత్తో చీర కొంగు తీసుకుని పెదాలు తుడుచుకుంది. రోజూ “సాలు” అనే చోటు అదే.

“ఏందే చూస్తున్నవ్?” అంది. “పప్పు ఎయ్యి. అన్నం పొడిగున్నది.”

పప్పు వేశాను. వేళ్లు మళ్లీ అన్నంలోకి దిగాయి.

నాలుగు, అన్నాను. ఐదు, అన్నాను.